గరాజ్‌లో గోంగూర

1985 మార్చి 4, సోమవారం. సన్నీవేల్.

ఇవాళ మూడు టమాటాలు వచ్చాయి.

టమాటా అంటే టమాటా కాదు. శాండ్‌విచ్ బ్యాగ్‌లో ఏడు వేళ్ల ఆకు ఒకటి పెట్టుకుని వస్తారు. పసుపెక్కి, వాడి, కొస మాడిన ఆకు. ఇంట్లో టమాటా మొక్క పెంచుతున్నాను, ఎందుకిలా అవుతోంది డాక్టర్, అని అమాయకంగా అడుగుతారు. టమాటా ఆకు నాకు తెలుసని వాళ్లకీ తెలుసు. అయినా ముఖం ఏమాత్రం మారదు. నా కౌంటర్ మీద ‘ప్లాంట్ డాక్టర్’ అని బోర్డు పెట్టింది నర్సరీ ఓనర్ వాల్టర్. కస్టమర్ ఏ పేరు చెబితే అదే పేరు, ఎదురు ప్రశ్న వేయకు, ఒక ఫర్టిలైజర్ డబ్బా అమ్ము. అదీ అతని రూల్.

బాపట్లలో ఎమ్మెస్సీ అగ్రికల్చర్ చేశాను. తొమ్మిదేళ్లు పొగాకు రీసెర్చ్ స్టేషన్‌లో ఆకు తెగుళ్లు చూశాను. చివరికి గంజాయి ఆకు నాడి పట్టే బతుకైంది. ఛీ.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి లూసీ కవర్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూ. జూన్ 12, ఇద్దరికీ. ఫారంలో రాసిన ప్రశ్నలే ప్రమాణం చేయించి మళ్లీ అడుగుతారట. డ్రగ్స్‌తో ఎప్పుడైనా, ఏ విధమైన సంబంధమైనా ఉందా అన్న ప్రశ్న కూడా అందులో ఉంది. లూసీ అది చదివి నవ్వింది. మీకు కాఫీ తాగితేనే గుండె దడ, మిమ్మల్ని అడిగేదేంటండీ అంది. నాకు నవ్వు రాలేదు. ఆకు చూసి మందు చెప్పడం సంబంధం కిందికి వస్తుందా రాదా? ఎవరిని అడగాలి?

మార్చి 5

ఐదు టమాటాలు. ఒకాయన మెడలో పాదిరి కాలర్ ఉంది.

మార్చి 10, ఆదివారం

లూథరన్ చర్చివాళ్లు మధ్యాహ్నం మూడింటికి వాళ్ల హాలు మన తెలుగు ఆరాధనకి ఇస్తారు. ప్రార్థన నడిపింది సుందర్ రాజ్ గారు. చిప్ కంపెనీలో సీనియర్ ఇంజినీర్, మా సంఘపెద్ద. మేం ఈ దేశంలో దిగినప్పుడు ఐదు నెలలు ఆయన ఇంట్లోనే ఉన్నాం. ఆయన భార్య ప్రేమజ్యోతి అక్క వండి పెడితే తిన్నాం. మా కేసులో సపోర్ట్ అఫిడవిట్ మీద, అంటే మా పోషణకి తనది పూచీ అన్న కాగితం మీద, సంతకం ఆయనదే. ఆ మనిషి గురించి ఈ మాటలు రాయాల్సి రావడం నా ఖర్మ.

భోజనాలయ్యాక పార్కింగ్ లాట్‌లోకి రమ్మన్నారు. పాటల పుస్తకం తెరిచారు. పేజీల మధ్య టిష్యూ పేపర్, టిష్యూలో ఆకు. రత్నం, గరాజ్‌లో గోంగూర వేశాను, ట్యూబ్‌లైట్ల కింద, ఇదిగో ఇలా పసుపైపోతోంది, కాస్త చూసి చెప్పు బ్రదర్ అన్నారు.

గోంగూర ఆకూ వేళ్లుగా చీలే ఉంటుంది. దూరం నుంచి చూస్తే పోలిక ఉంది, కాదనను. కానీ సాటి తెలుగువాడితో గోంగూర విషయంలో అబద్ధమాడాలంటే ఎంత గుండె ఉండాలి! అదీ పంటలు చదివినవాడితో. అదీ పాటల పుస్తకంలో పెట్టి. పప్పన్నం తిన్న చెయ్యి ఇంకా కడుక్కోనేలేదు. ఆకు ముట్టుకోకుండా, చూద్దాం లెండి అన్నాను.

చూద్దాం అని ఎందుకన్నాను?

మార్చి 12, మంగళవారం

పగలు పదకొండింటికి సుందర్ రాజ్ నా కౌంటర్ ముందు నిలబడ్డాడు. (ఈ డైరీలో ఇక గారు తీసేస్తున్నాను.) టై కట్టుకుని ఉన్నాడు. జేబుకి ఆఫీస్ బ్యాడ్జ్ తగిలించే క్లిప్ ఉంది, బ్యాడ్జ్ లేదు.

నేను అడక్కుండానే చెప్పాడు. జనవరిలో లే ఆఫ్ చేశారు. ప్రేమజ్యోతి అక్కకి చెప్పలేదు. రోజూ లంచ్ బాక్స్ పట్టుకుని డ్రైవ్ చేసుకుంటూ పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి, అయిదున్నరకి ఇల్లు చేరుతున్నాడు. పాత కొలీగ్ ఒకడు విత్తనాలిచ్చాడట. పంట కూడా వాడే తీసుకుంటాడట. ఒక్క పంట తీస్తే ఇంకో జాబ్ దొరికేదాకా ఇల్లు నిలబడుతుంది, తర్వాత దేవుడి దగ్గర ఒప్పుకుంటాను అన్నాడు. ఒప్పుకోలుకి కూడా టైంటేబుల్ వేసుకున్నాడు పెద్దమనిషి.

ఈ పాపంలోకి నన్ను లాగకండి అన్నాను. అప్పుడు గొంతు తగ్గించాడు. ఇల్లు పోతే నాకు జాబ్ లేదన్న సంగతి బయటపడుతుంది రత్నం, జాబ్ లేనివాడి అఫిడవిట్‌కి విలువేముంటుంది, జూన్‌లో మీ ఇంటర్వ్యూ ఉంది కదా అన్నాడు. బెదిరింపు కాదట. ప్రేమ కొద్దీ చెబుతున్నాడట.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మొక్కలు చస్తే అఫిడవిట్ చస్తుంది. మొక్కల దగ్గరికి వెళ్తే నేను చస్తాను. లూసీకి చెప్పలేదు. అన్నం సయించలేదు.

మార్చి 16, శనివారం

వెళ్లాను. ప్రేమజ్యోతి అక్క క్వయర్ ప్రాక్టీస్‌కి వెళ్లిన టైం చూసి పిలిచాడు.

గరాజ్ తలుపుకి కొత్త తాళం. చర్చి విందుకి గోంగూర పెంచుతున్నాను, అప్పటిదాకా ఎవరూ చూడకూడదని భార్యతో చెప్పాడట. లోపల గోడలకి టిన్‌ఫాయిల్. పైన ట్యూబ్‌లైట్లు గొలుసులతో వేలాడుతున్నాయి. పద్నాలుగు కుండీలు. ఆ వాసన రాయడానికి నాకు మాటలు లేవు. ఉడుము చచ్చిన పొదలో ఎవరో నిమ్మకాయ పిండినట్టు. కర్చీఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. మూలనున్న ట్యాంక్ మీద నా బ్యాగ్ పెట్టి, నిలబడ్డ చోటు నుంచే చూశాను. అర నిమిషం. అంతకంటే చూడబుద్ధి కాలేదు.

కింది ఆకులు పసుపు. పై ఆకులు పాలిపోయాయి. పొగాకువాడికి ఇది కొత్తా? వర్జీనియా పొగాకులో కింది ఆకు పసుపెక్కితే పంటకొచ్చినట్టు. నత్రజని ఆపేసి, కింది నుంచి ఆకులు కోసుకుంటూ పోవాలి. అదే చెప్పాను. ఎరువు ఆపండి, పసుపు ఆకులు తీసేయండి, నన్నిక పిలవకండి. పుస్తకం తీసి మరీ రాసుకున్నాడు.

వాళ్ల బాత్రూంలో చేతులు కడిగాను. రెండుసార్లు, మూడుసార్లు. సబ్బు జిగట వదిలి చావదు. అసహ్యం వేసి తడి చేతులతోనే కార్ ఎక్కాను.

మార్చి 17

చొక్కా రెండుసార్లు వాషర్‌లో వేశాను. ఇవాళేంటి బట్టల మీద ఇంత భక్తి అంది లూసీ.

మార్చి 30, శనివారం

షాప్‌కి ఫోన్ చేశాడు. నేను చెప్పినట్టే చేశాడట. సగం మొక్కలకి ఆకులు రాలిపోయాయట. కొత్త ఆకుల అంచులు మాడుతున్నాయట. నువ్వు కావాలనే చంపే మందు చెప్పావా రత్నం అని అడిగాడు.

కావాలని కాదు. పొరపాటున. అదే ఇంకా సిగ్గు. ఆకు అమ్ముకునే పంట పొగాకు. ఇది ఆకు పంట కాదు, పూత పంట. దీనికి పొగాకు వైద్యం చేశాను. ఫస్ట్ ఇయర్ కుర్రాడు కూడా చేయని పని. అసహ్యంతో కళ్లు మూసుకుని ప్రిస్క్రిప్షన్ రాశాను.

చావనీ అనుకున్నాను. రాత్రంతా, చావనీ అనుకుంటూనే, అంచులు ఎందుకు మాడతాయి అని ఆలోచించాను. నత్రజని లోపమైతే అంచులు మాడవు. ఇనుము లోపమైతే ఈనెలు పచ్చగా ఉండాలి. నా బుర్రకి సిగ్గు లేదు. వద్దన్న పనే చేస్తుంది.

ఏప్రిల్ 5, గుడ్ ఫ్రైడే

ఇవాళ్టిది కాస్త నిదానంగా రాయాలి.

మన పద్ధతి ప్రకారం ఏడు మాటల ఆరాధన పెట్టారు. సిలువ మీది ఏడు మాటలకి ఏడుగురు. ఎవరికి ఏ మాటో నెలముందే చీటీలు తీశారు. నాకు ఏదీ రాలేదు, దేవుడికి దండం. సుందర్ రాజ్‌కి ఐదో మాట వచ్చింది. దాహం మాట.

ఎంత బాగా చెప్పాడో! అక్కడే నాకు ఒళ్లు మండింది. లోపల గరాజ్ పెట్టుకుని పైకి ఇంత తడి గొంతుతో ఎలా మాట్లాడతాడు మనిషి? ముందు వరసలో అక్క కళ్లు తుడుచుకుంటోంది. దాహంతో ఉన్నవాడికి నీళ్లు ఇవ్వకపోవడం ఒక పాపం, తాగలేనిది ఇచ్చి తాగమనడం ఇంకా పెద్ద పాపం, అన్నాడు. సిలువ మీద దాహమన్న యేసుకి అందించిన చిరక, ఆ పులిసిన ద్రాక్షరసం గురించి చెబుతున్నాడు.

నేను చిరక గురించి వినడం అక్కడితో ఆగిపోయింది. కుండీల్లో మట్టి తడిగా ఉంది. ఆ రోజు చూశాను, నల్లగా నిగనిగలాడుతోంది. తడి మట్టిలో నిలబడి మొక్కలు వాడుతున్నాయి. నీళ్లున్నా తాగలేకపోతున్నాయి. చవుడు నేలలో వరి చచ్చేది అలాగే కదా! మరి ఉప్పు ఎక్కణ్ణుంచి వచ్చింది? చేతిని వదలని సబ్బు. ఐదు నెలలు ఆ ఇంట్లో స్నానం చేశాం, ఈ నీళ్లకి సబ్బు వదలదండీ అని లూసీ రోజూ విసుక్కునేది. నేను బ్యాగ్ పెట్టిన ట్యాంక్ వాటర్ సాఫ్ట్‌నర్! గట్టినీళ్లని మెత్తన చేయడానికి దాంట్లో బస్తాల కొద్దీ ఉప్పు పోస్తారు. ఆ నీళ్లే ఈయన రోజూ ప్రేమగా కుండీల్లో పోస్తున్నాడు. జబ్బు మీదే బ్యాగ్ పెట్టి, వేరే జబ్బుకి మందు చెప్పి వచ్చాను.

అందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా, అందరికంటే గట్టిగా. లూసీ తల తిప్పి చూసింది.

గుడ్ ఫ్రైడే పూట, సిలువ ముందు కూర్చుని, గంజాయికి మందు కనిపెట్టాను. ఇంతకంటే దిగజారడానికి చోటుందా?

ఏప్రిల్ 6, శనివారం, ఉదయం 6.30

వెళ్లను. చెప్పను. ఇంటర్వ్యూకి అరవై ఏడు రోజులు.

అదే రోజు, సాయంత్రం

వెళ్లాను.

ఇంటి బయట తోటకి వాడే పంపు సాఫ్ట్‌నర్‌కి కలపరు. ఆ నీళ్లతో కుండీలు అడుగుదాకా కడగాలి, ఉప్పంతా కారిపోయేదాకా. ఇది ఫోన్‌లో కూడా చెప్పొచ్చు. చెప్పాను కూడా. అన్ని బకెట్లు గరాజ్‌లోకి మోస్తుంటే పక్కింటివాళ్లు చూస్తారు, నాకు చేతులాడటం లేదు అని ఫోన్‌లో ఏడ్చాడు. నలభై తొమ్మిదేళ్ల మగాడు. అక్క ఈస్టర్‌కి హాలు అలంకరించడానికి వెళ్లిందట, మూడు గంటల టైం ఉందట.

బకెట్లు నేనే మోశాను. నలభైకి పైన లెక్కపెట్టడం మానేశాను. పక్కింటాయన లాన్ కోస్తూ చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, తల వంచుకుంటే కనబడననుకున్నాను. వాకిట్లో బ్రౌన్ రంగు మనిషి ఒకడు గంటసేపు నీళ్లు మోస్తుంటే ఎవరు మర్చిపోతారు?

కుండీల కింద కారిన నీళ్లు వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. నా డయాగ్నోసిస్ కరెక్ట్. ఆ క్షణంలో కలిగిన సంతోషం గురించి రాయకపోతే ఈ డైరీ కూడా అబద్ధమే అవుతుంది. చాలా సంతోషం కలిగింది.

సుందర్ రాజ్ నా చేతులు పట్టుకున్నాడు. విడిపించుకున్నాను.

ఏప్రిల్ 7, ఈస్టర్

నడుం పట్టేసింది. పాటలకి లేచి నిలబడలేకపోయాను. లూసీ ఏమీ అడగలేదు. ఎందుకు అడగలేదు?

ఏప్రిల్ 27, శనివారం

పచ్చబడ్డాయట. కొత్త ఆకులు చేతి వెడల్పు ఉన్నాయట. పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు. సంతోషం అని ఫోన్ పెట్టేశాను. తర్వాత ఆ రోజంతా షాప్‌లో ప్రతి టమాటాగాడినీ, మీ ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉందా అని అడిగాను. ఇద్దరికి ఉంది. వాల్టర్ భుజం తట్టాడు. నా మీద నాకే రోత పుట్టింది.

మే 19, ఆదివారం

సాక్ష్యాల ఆదివారం. సుందర్ రాజ్ లేచాడు.

ఈ వసంతంలో నా గార్డెన్ ఎండిపోయింది, నా మనసూ ఎండిపోయింది, ప్రభువు ఒక డాక్టర్‌ని పంపాడు, ఆయన ఇక్కడే ఉన్నాడు, మన బ్రదర్ రత్నరాజు, తన చేతులతో నీళ్లు మోసి నా గోంగూరని బతికించాడు, అన్నాడు. హాలంతా చప్పట్లు. ప్రెయిజ్ ది లార్డ్ అని కేకలు. వెనక నుంచి ఎవరో నా వీపు తట్టారు. నేను లేచి నిలబడి నమస్కారం పెట్టాల్సి వచ్చింది. నవ్వాను.

వాడికి పిచ్చా, ధైర్యమా? ఇప్పుడర్థమవుతోంది. పక్కింటాయన చూశాడు కాబట్టి, నేను నీళ్లు మోసిన సంగతికి ఒక మంచి కారణం తయారుచేసి సంఘంలో నమోదు చేయించాడు. తెలివైనవాడే. ఇంజినీర్ కదా.

బయటికి రాగానే ఆడవాళ్లంతా ప్రేమజ్యోతి అక్కని చుట్టుముట్టారు. ఈ ఊళ్లో గోంగూర మొహం చూసి ఎన్నేళ్లయిందో అక్కా, ఒక్క కట్ట ఇవ్వండి, పచ్చడి చేసుకుంటాం అని. ఎవరికెంతో పేర్లు కూడా రాసుకుంది పాపం. సుందర్ రాజ్ ముఖం చూడాల్సింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల!

మే 22, బుధవారం

అక్క మా ఇంటికి వచ్చింది. ఒక్కతే. బస్సులో.

లూసీ టీ పెట్టింది. అక్క టీ తాగలేదు. పర్సులోంచి ప్లాస్టిక్ కవర్ తీసి టేబుల్ మీద పెట్టింది. పచ్చటి ఆకు, నవనవలాడుతూ. నేను బతికించిన ఆకు.

ఆయన తాళంచెవి దాచే చోటు నాకు తెలుసు తమ్ముడూ, అందరూ అడిగారు కదా, నాలుగు కొమ్మలు కోద్దామని వెళ్లాను, అంది. ఆయన కోయొద్దని అరిచారట. పెళ్లయి ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ అలా అరవలేదట. ఒక ఆకు నోట్లో వేసుకుందట. గోంగూరంటే పుల్లగా ఉండాలి కదా తమ్ముడూ, ఇది చేదుగా, జిగురుగా ఉందేంటి, నేను టౌన్‌లో హాస్టల్లో పెరిగినదాన్ని, నాకు ఆకులు తెలీవు, నువ్వు చదువుకున్నవాడివి, అబద్ధం చెప్పవు, ఇది గోంగూరేనా, అని అడిగింది.

లూసీ స్టవ్ దగ్గర నిలబడి ఉంది. అటు తిరిగే ఉంది.

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే ఏమవుతుందో వరసగా కనబడింది. అక్క ఇంటికి వెళ్తుంది. అడుగుతుంది. ఉద్యోగం సంగతి బయటికి వస్తుంది. ఆదివారానికి సంఘమంతా తెలుస్తుంది. నీళ్లు మోసింది ఎవరో అందరికీ ఇప్పటికే తెలుసు. ఇంటర్వ్యూకి ఇరవై ఒక్క రోజులు.

గోంగూరే అక్కా అన్నాను. తెల్ల గోంగూర. ఎండలో పెరిగితేనే పులుపు వస్తుంది, ట్యూబ్‌లైట్ల కింద పెరిగిన ఆకులో ఆ పులుపు తయారవదు, చేదు తిరుగుతుంది, కూరకి పనికిరాదు, అందుకే కోయొద్దన్నారు. ఇలా నేను చెప్పానని రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. ఆమ్లాల గురించి కూడా రెండు ముక్కలు చెప్పాను. బాపట్లలో చదివిన చదువంతా కలిపి ఒక్క అబద్ధానికి సరిపోయింది.

అక్క ఊపిరి పీల్చుకుంది. నిజంగా, గుండెల మీంచి ఏదో దిగినట్టు. నేను ఏవేవో పిచ్చి ఊహలు చేశాను తమ్ముడూ, సైతాను పెట్టే ఆలోచనలు, నువ్వు చెప్పావంటే ఇంకేముంది, అని చల్లారిన టీ గటగటా తాగేసింది. వెళ్తూ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. మా ఇంటర్వ్యూ కోసం.

లూసీ బస్‌స్టాప్ దాకా దింపి వచ్చింది. టేబుల్ మీది ఆకు కవర్‌తో సహా తీసి చెత్తలో వేసింది. కవర్‌కి రెండు ముళ్లు వేసింది. సాయంత్రం చారు పెట్టింది. మన పెళ్లి సర్టిఫికెట్ దొరికిందండీ, ఇంటర్వ్యూకి పట్టుకెళ్దాం అంది. అంతే.

తను పని చేసే నర్సింగ్ హోమ్‌లో కుర్రాళ్లు వెనక తలుపు దగ్గర తాగుతుంటే ఈ వాసన ఎన్నిసార్లు చూసి ఉంటుంది? నా చొక్కా మీద ఎన్ని రోజుల క్రితం చూసి ఉంటుంది?

జూన్ 2, ఆదివారం

గరాజ్ ఖాళీ అయిందట. వేరే కంపెనీలో సుందర్ రాజ్‌కి జాబ్ కూడా వచ్చిందట, సోమవారం జాయినింగ్. అఫిడవిట్‌కి కొత్త లెటర్ ఇస్తాను అన్నాడు. తీసుకున్నాను. థాంక్స్ కూడా చెప్పాను. అక్క ఆడవాళ్లందరికీ చెబుతోంది, ఎండ తగలని గోంగూరకి పులుపు రాదట, రత్నం తమ్ముడు సైంటిఫిక్‌గా చెప్పాడు, అని.

జూన్ 11

నిద్ర రాలేదు. ప్రార్థన మొదలుపెట్టి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక ఆపేశాను.

జూన్ 12, బుధవారం

కుడిచేతులు ఎత్తమన్నారు. ఎత్తాం. ఆ ప్రశ్న నన్ను అడిగారు. నో అన్నాను.

ఆఫీసర్ లూసీ వైపు తిరిగింది. మీ వారు చెప్పినదంతా నిజమేనా, మీకు తెలిసినంతలో, అని అడిగింది.

ఎస్ అంది లూసీ.

పదకొండేళ్లుగా ఆ గొంతు వింటున్నాను. అబద్ధం చెప్పేటప్పుడు లూసీ గొంతు ఎలా ఉంటుందో నాకు ఇవాళ్టిదాకా తెలీదు. మామూలుగానే ఉంటుంది.